తాళం తప్పిన చప్పుడు

"స్క్రూ ఊడిపోయిందండీ," అంటూ ఒకావిడ కళ్లజోడు బల్ల మీద పెట్టింది.

కళ్లజోళ్లాయన తలెత్తలేదు. దుకాణంలో పాట నడుస్తోంది. పాట నడుస్తున్నంతసేపూ ఆయన చేతులు పని చేస్తాయి గానీ, చెవులు మాత్రం ఎవరికీ ఇవ్వడు.

ఆయనకి పాటల పిచ్చి. ఏ కంపెనీ అమ్మనివి, ఏ సినిమాకీ ఎక్కనివి, ఇంటి పనుల మధ్య ఎవరో తమకోసం కట్టుకుని పాడుకున్నవి కావాలి ఆయనకి. పాత సామాన్ల కొట్లలో క్యాసెట్లు వెతికి తెచ్చి, ఆదివారం పొద్దున ఇంటర్నెట్‌లో అరగంట వినిపిస్తాడు.

ఆ అరగంటా ఇంట్లో ఫ్యాన్ తిరగకూడదు, కుక్కర్ కూత వేయకూడదు, కూతురికి తుమ్మొస్తే దిగమింగుకోవాలి.

"వినేవాళ్లకంటే నోరు మూసుకునేవాళ్లమే ఎక్కువున్నాం," అనేది భార్య.

ఇప్పుడు నడుస్తున్న పాట అలా దొరికిందే. క్యాసెట్ మీద పేరు లేదు. ఎవరో ఆడమనిషి వంటింట్లో పని చేసుకుంటూ వాన మీద పాట పాడుతోంది. వెనకాల ఎవరో చెంచాతో గిన్నె మీద టకటకా కొడుతున్నారు. దానికి తాళమూ లేదు, తలాతోకా లేదు.

"ఈవిడెవరో తెలిస్తే చెప్పండి," అని ప్రతి ఆదివారం వినేవాళ్లని బతిమాలుతున్నాడు. ఆవిడ చేత ఇంకొక్క పాట పాడించుకోవాలని ఆయన ఆశ.

పాట అయ్యేదాకా కళ్లజోడు తెచ్చినావిడ నిలబడే ఉంది. కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

"మళ్లీ పెడతారా?"

ఆయన పొంగిపోయాడు. ఇలాంటివి వినేవాళ్లు దొరకడమే గగనం, మళ్లీ అడిగేవాళ్లు కూడానా? కుర్చీ వేసి మరీ వినిపించాడు.

ఆవిడ తరచూ రావడం మొదలుపెట్టింది. ఒకసారి అద్దాలు తుడిపించుకోవడానికి, ఇంకోసారి కాడ వదులైందని. కాడ బిగువుగానే ఉంది. అయినా ఆయన ఏమీ అనకుండా పాట పెట్టేవాడు. ఆ పాట ఎలా దొరికిందో, ఎంత గొప్పదో వివరించేవాడు. ఇక ఆవిడ నోరు విప్పడానికి సందేదీ?

"పాడినావిడ కనిపిస్తే కాళ్లకి దండం పెడతానండీ," అన్నాడొకరోజు.

"అంత గొప్పగా ఏం పాడిందని?"

"మీకు తెలీదమ్మా," అన్నాడు జాలిగా.

పాటకి తగిన మర్యాద చేయాలని అప్పుడే తోచిందాయనకి. సాయంత్రాలన్నీ కంప్యూటర్ ముందు కూర్చుని పాటని కడిగి ఆరేశాడు. గరగర పోయింది. చెంచా దెబ్బల్ని బియ్యంలో రాళ్లలా ఒక్కొక్కటే ఏరి పారేశాడు.

"ఆ చప్పుడు లేకపోతే ఇల్లులా లేదు నాన్నా," అంది కూతురు.

"తాళం తప్పుతోందే తల్లీ. పాపం, ఆవిడ పాటంతా పాడుచేస్తోంది."

కంప్యూటర్‌లో ఉన్న పాతదాని మీదే కొత్తది భద్రం చేశాడు. క్యాసెట్ అంతకుముందే టేప్‌రికార్డర్‌లో చిక్కుకుని తెగి, చెత్తబుట్టలోకి పోయింది.

ఆవిడ రాగానే గర్వంగా కొత్తది వినిపించాడు.

ఆవిడ ముందుకి వంగి వింది. మధ్యలో, రావలసినవాళ్లు ఇంకా రాలేదేమిటన్నట్టు గుమ్మం వైపు చూసింది.

"చెంచా చప్పుడేదండీ?"

"తీసేశాను. ఇప్పుడు వినండి, గొంతు ఎలా కంగుమంటోందో."

"పాతది ఒక్కసారి పెట్టరూ?"

"లేదమ్మా. దాని మీదే ఇది ఎక్కించేశాను."

"క్యాసెట్టు?"

"తెగిపోతే పారేశాం."

ఆయనకి చిన్నబుచ్చినట్టయింది. ఇంత శ్రమపడితే ఒక్క మంచి మాటైనా లేదు.

"మీకెందుకమ్మా ఆ చప్పుడు? పాడినావిడే వచ్చి అడిగిందంటే అది వేరే సంగతి."

ఆవిడ ఏదో చెప్పబోయింది. ఆయన మొహం చూసి ఆగిపోయింది.

"బాగుందండీ. చాలా కష్టపడ్డారు," అని లేచింది.

కళ్లజోడు బల్ల మీదే మరిచిపోయింది. దానికోసం కూడా మళ్లీ రాలేదు.

"అడిగిందేదో పెట్టి వినిపించాల్సింది పాపం," అంది భార్య.

"లేనిదాన్ని ఎక్కణ్ణించి తేను?" అని విసుక్కున్నాడు గానీ, ఆయనకీ మనసులో పీకుతూనే ఉంది.

కొన్నాళ్లకి ఒకాయన వచ్చాడు.

"మా అక్క కళ్లజోడు ఇక్కడ మరిచిపోయిందట. ఇప్పుడు మా దగ్గరే ఉంటోంది లెండి, మా ఊళ్లో."

కళ్లజోడు చేతికి అందుకుంటూ వచ్చినాయన ఆగిపోయాడు. దుకాణంలో అదే పాట నడుస్తోంది.

"అక్క గొంతింత బాగుండేదా?" అన్నాడు మెల్లగా. "ఇల్లు మారేటప్పుడు పోయిందండీ ఈ క్యాసెట్టు."

కళ్లజోళ్లాయన గబుక్కున లేచాడు.

"ఆవిడేనా పాడింది? నా ఎదురుగా కూర్చుని కూడా చెప్పలేదే! ఒక్కసారి తీసుకురండి బాబూ. ఇంకొక్క పాట పాడితే చాలు."

"పాడటం ఎప్పుడో మానేసిందండీ."

"మరి ఈ పాట కోసం అన్నిసార్లు వచ్చేదే?"

తమ్ముడు ఇబ్బందిగా కదిలాడు.

"మీకు చెప్పొద్దంది. తెలిస్తే మీరు బాధపడతారంది."

"పర్లేదు, చెప్పండి."

"ఆ గిన్నె కొట్టింది అక్క కూతురండీ. నడకైనా సరిగా రాని పిల్ల. ఆ చలికాలం దాటలేదు. ఒక్క ఫొటో అయినా లేదు." ఆయన కళ్లజోడు జాగ్రత్తగా జేబులో పెట్టుకున్నాడు. "అక్క మీ దుకాణానికి వచ్చింది పాట వినడానికి కాదండీ, పిల్లని చూసుకోవడానికి."