క్వారీ లారీ

దాచేపల్లి దాటగానే కారు వెనక మళ్ళీ టప్పుమని పేలింది.

శేషగిరికి అరికాలి కింద రేకు చురుక్కుమంది.

ఎర్రటి రెండు సీట్ల పాత స్పోర్ట్స్ కారది. మోజుపడి మద్రాసు నుంచి తెచ్చుకున్నాడు. ఎనభై నాలుగులో మాచర్ల మొత్తం మీద అలాంటి బండి ఇంకొకటి లేదు.

"ఒక ప్లగ్గు సరిగా కొట్టట్లేదు సార్. కాలని పెట్రోలు పోయి సైలెన్సర్లో మండతంది. బాగు చేసిందాకా బయటికి తీయమాకండి," అని మెకానిక్ ఫరీద్ ముందే చెప్పాడు.

శేషగిరి వినలేదు. నరసరావుపేటలో బావమరిది పెళ్ళి. అందరూ చూస్తుండగా ఆ కారులోనే దిగాలని పట్టుదల. భార్యను ముందే బస్సులో పంపేసి, కూతురు మాధురిని పక్కన కూర్చోబెట్టుకుని బయల్దేరాడు.

కాలిన వాసన ఎక్కువైంది.

కారు రోడ్డు దించి ఆపాడు. ఇంజను వేడెక్కి ఉంటుంది, కాసిని నీళ్ళు పోస్తే సరిపోతుందనుకున్నాడు.

పాప నిద్రపోతోంది. క్వారీ లారీల దుమ్ము పడుతుందని అద్దాలెత్తి, తలుపులకు తాళం వేసి, డబ్బా పట్టుకుని రాళ్ళ గుంట వైపు నడిచాడు.

కారు కింద ఎండుగడ్డి ఉందని చూసుకోలేదు.

నీళ్ళతో తిరిగొస్తుంటే గాజు పగిలిన చప్పుడు వినిపించింది.

ఎవరో ముసలామె పెద్ద రాయి పట్టుకుని కారు అద్దం పగలగొడుతోంది.

"ఒసేయ్! నీ చేతులిరగ!"

పరుగున వచ్చి ఆమె చెంప పగలగొట్టాడు. ఆ కోపంలో అతనికి మరేమీ కనిపించలేదు.

ఆమె చెంప కూడా తడుముకోలేదు.

"పిల్ల... లోన పిల్ల ఉందయ్యా!" అంటూ పగిలిన అద్దంలోంచి రెండు చేతులూ లోపలికి దూర్చింది.

అప్పుడు చూశాడతను. కారు కింద గడ్డి అంటుకుంది. లోపలంతా పొగ.

ఇద్దరూ కలిసి పాపను బయటికి లాగారు. తల వాలిపోయింది. పెదాలు నల్లబడ్డాయి.

"అమ్మా మాధురీ! కళ్ళు తెరువమ్మా!"

ముసలామె పాపను తుమ్మచెట్టు నీడకు మోసుకుపోయింది. ముఖం మీద నీళ్ళు చల్లింది. పాప ముక్కు దగ్గర చెవి పెట్టి ఊపిరి విన్నది.

"ఉందయ్యా, ఊపిరుంది. ఆస్పత్రికి తీసకపో."

"దేంట్లో పోనమ్మా!" శేషగిరి ఏడ్చేశాడు.

వెనక కారు మొత్తం అంటుకుంది. అతను తిరిగి చూడలేదు.

క్వారీ బాటలోంచి ఒక లారీ వచ్చి వాళ్ళ ముందే ఆగింది.

డ్రైవర్ తల బయటపెట్టాడు. "ఆస్పత్రికి ఎవరు పెద్దమ్మా?"

ఆమె ఒక్క క్షణం క్వారీ అవతలి పల్లె వైపు చూసింది. తర్వాత పాప ముఖంలోకి చూసింది.

"ఈ పిల్లే నాయనా. పోనీ. దించి తొందరగా తిరిగి రా."

శేషగిరి పాపను ఎత్తుకుని లారీ ఎక్కాడు. ఆమె పేరైనా అడగాలని తోచలేదు.

నరసరావుపేటలో డాక్టరు ఆక్సిజన్ పెట్టాడు. సాయంత్రానికి మాధురి కళ్ళు తెరిచి, "నాన్నా, దాహం," అంది.

"ఇంకాస్త ఆలస్యమైతే మా చేతుల్లో ఉండేది కాదు," అన్నాడు డాక్టరు.

పాప కోలుకున్నాక, శేషగిరి ఒక పట్టుచీర కొని, కూతుర్ని వెంటబెట్టుకుని బస్సులో వచ్చాడు. క్వారీ దగ్గర అడిగితే, "ఓ, మా నాంచారమ్మా!" అని ఇల్లు చూపించారు.

నాంచారమ్మ గుమ్మంలో కూర్చుని, దూదిని మేకపాలలో ముంచి పసికందు నోట్లో పిండుతోంది. ఆమె చేతులకు గుడ్డలు చుట్టి ఉన్నాయి.

తలెత్తి మాధురిని చూసింది.

"బాగుందా అయ్యా పిల్ల?"

"నీ చలవేనమ్మా. ఆ రోజు నిన్ను... చెయ్యి చేసుకున్నాను."

"కన్నోడివి. కంగారులో కొట్టావు. పోనియ్."

మాధురిని దగ్గరికి పిలిచింది. తల మీద చెయ్యి వేసి నిమురుతూనే ఉండిపోయింది. లోపలికెళ్ళి బెల్లంముక్క తెచ్చి చేతిలో పెట్టింది.

చీర ఇవ్వబోతే మాత్రం వెనక్కి నెట్టింది.

"ఇప్పుడొద్దయ్యా."

శేషగిరి పసికందు వైపు చూశాడు. "మనవరాలా?"

"అవునయ్యా."

"తల్లి ఏదీ?"

"లేదయ్యా."

పనికి పోయి ఉంటుందనుకున్నాడు శేషగిరి. ఆమెకు దణ్ణం పెట్టి, కూతురి చెయ్యి పట్టుకుని బయల్దేరాడు.

పక్కింటి అరుగు మీద నుంచి బక్కయ్య అనే ముసలాయన పలకరించాడు.

"ఏ ఊరు బాబూ? పలకరింపుకొచ్చారా?"

"పలకరింపేంది తాతా? ఎవరు పోయారు?"

"నీకు తెలవదా? నాంచారమ్మ కూతురు పురుట్లో పోయింది. ఒక్కతే కూతురు. బిడ్డ అడ్డం తిరిగిందంట. ఎట్టనో బిడ్డ దక్కింది గానీ తల్లి దక్కలా. లారీ తిరిగొచ్చిందాకా ఆగలా పిచ్చిది."

శేషగిరి వెనక్కి తిరిగి నాంచారమ్మ గుమ్మం వైపు చూశాడు.

"ఏ లారీ తాతా?"

బక్కయ్య తువ్వాలుతో కళ్ళు ఒత్తుకున్నాడు.

"క్వారీ వాళ్ళ కాళ్ళావేళ్ళా పడి కూతురి కోసం పిలిపించుకున్న లారీలో, మా నాంచారమ్మ రోడ్డు మీద ఎవరి బిడ్డనో ఎక్కించి పంపింది బాబూ."