సల్లారేటప్పుడు

కోరుట్లలో శ్రీవాణి కరెంటు బట్టీ మూత ఎత్తేసరికి, లోపల గాజు ముక్కలు కరిగించి అతికించిన పళ్లెం మళ్లీ రెండు ముక్కలై ఉంది.

"నీ చేతులే మంచియి గావు. ఇగ బంజెయ్," అన్నాడు భర్త దేవేందర్.

శ్రీవాణి పగిలిన అంచును తడిమింది. వేలు తెగింది. వేడెక్కేటప్పుడే పగిలి ఉంటే ఆ అంచు కరిగి నున్నబడేది.

"ఇది సల్లారేటప్పుడు సల్లగాలి తాకి పలిగింది. మూత ఎవ్వరు దీసిండ్రు?"

"దోస్తులు జూస్తమంటే... జరంతనే దీసిన."

"ఎనకటియి పలిగినప్పుడు గూడనా?"

"అప్పుడు గూడ," అని గొణిగాడు దేవేందర్.

ఇన్నాళ్లూ తన చేతులనే తిట్టుకున్న శ్రీవాణికి అతణ్ని చూస్తే రోత పుట్టింది.

"పలిగితే పలిగింది. నేను ఏడుస్తుంటే గూడ నిజం జెప్పక నా చేతులనే అంటివి. థూ!" అని, బట్టీకి తాళం వేసి తాళంచెవి కొంగున ముడేసుకుంది.