వేడి చేసింది

“పెద్దమ్మాయికి అండాశయంలో పాత నెత్తురు చేరి తిత్తి కట్టింది. తల్లికో అక్కచెల్లెళ్ళకో ఉంటే ఇది వచ్చే అవకాశం ఎక్కువ. మీ ఇంట్లో ఎవరికైనా నెలసరి నొప్పులు ఎక్కువా?” అడిగింది డాక్టరమ్మ.

“ఎవరికీ లేవండీ,” అంది తల్లి చప్పున.

“అదేంటమ్మా! నెలకు మూడు రోజులు కుట్టుమిషను మీద తల వాల్చేసేదానివి. అడిగితే వేడి చేసిందనేదానివి,” అంది పెద్ద కూతురు.

తల్లి తల దించుకుంది. తన ఓర్పుతోనే కూతుళ్ళనూ కొలిచింది ఇన్నాళ్ళూ.

“నాకూ ఉండేవండీ,” అంది. “చిన్నది పొద్దున కడుపు పట్టుకుని ఏడ్చింది. నాటకాలాడకని తిట్టి బడికి తరిమాను. బడికి ఫోను చెయ్యవే పెద్దదానా, అమ్మ వస్తోందని చెప్పు.”