చేప బొమ్మవాడితో పందెం

“ఏం రాశాడు మామ్మా? బేగి చదువు!”

లలిత్ అప్పుడే ఆఫీసు నుంచి వచ్చాడు. బూట్లయినా విప్పలేదు. తవిటమ్మ కళ్లజోడు సర్దుకుని, మనవడి ఫోను మొహానికి మూరెడు దూరంలో పట్టుకుంది.

“‘కొత్త ఫోనని ఎగిరెగిరి పడకు. సంత్రాగాఛిలో రైలెక్కితే, నాలుగు టేసన్ల అవతల హౌరాలో దిగేలోపు దాని బేటరీ సస్తాది’ అన్నాడు నాయినా.”

“వాడి మొహం! రాయి మామ్మా, ‘నీ ఫోను చార్జింగు వారమంతా ఉంటుంది, ఎందుకంటే నీకు ఫోన్ చేసే దిక్కు లేదు గనక!’ అని.”

తవిటమ్మ కిసుక్కున నవ్వింది. ఒంటి వేలితో టకటకా కొట్టడం మొదలుపెట్టింది.

ఈ తంటా అంతా ఒక్క అబద్ధంతో వచ్చింది. లలిత్ పుట్టిందీ పెరిగిందీ సంత్రాగాఛి రైల్వే క్వార్టర్లలో. చదువు బెంగాలీ బడిలో. తెలుగు నోట్లో ఉంది గానీ కంటికి అంటలేదు. న్యూ టౌన్‌లో అతని ఆఫీసులోనే పని చేసే హైమ, కరీంనగర్ పిల్ల, బెంగాల్లో ఉన్న తెలుగువాళ్ల కోసం నెట్లో ‘కరెంటు కబుర్లు’ అని ఓ ఫోరం పెట్టింది. ఫోను నుంచి మిక్సీ దాకా కరెంటుతో నడిచే దేని గురించైనా కొట్టుకోవచ్చు. కాకపోతే తెలుగు అక్షరాల్లోనే కొట్టుకోవాలి.

“నీకు తెలుగు చదువుడు వస్తదా?” అంది హైమ.

“భలేదానివే! ఎందుకు రాదు?” అన్నాడు లలిత్, ఆమె కళ్లలోకి చూస్తూ. ఆ కళ్ల ముందు రాదని చెప్పడం ఎవరి తరం?

మొదట ఫోను చేతే చదివించి చూశాడు. అది రేడియో వార్తల్లా చదివింది. ఏది వెటకారమో ఏది మెచ్చుకోలో తెలిసి చావలేదు. జవాబు రాయించాలని దానితో మాట్లాడితే, అతని సగం బెంగాలీ తెలుగు దానికి ఎక్కలేదు. చివరికి మామ్మే దిక్కయింది. శ్రీకాకుళం జిల్లాలో ఐదో తరగతి చదివిన మనిషి. పల్లీలు కట్టిన కాగితాన్ని కూడా చదవకుండా పారెయ్యదు.

ఫోరంలో లలిత్ గుర్తు పట్టగలిగింది బొమ్మల్నే. అందులో నోరు తెరిచిన ఇలిస చేప బొమ్మంటే అతనికి ఒళ్లు మంట. ఆ బొమ్మవాడు రోజూ ఏదో ఒకటి తగిలిస్తాడు.

“‘దిండు కింద ఫోనెట్టుకుని తొంగునేవోడి బుర్ర ఉడికిపోతాది’ అన్నాడ్రా.”

లలిత్ ఉలిక్కిపడ్డాడు. “నేనలా పడుకుంటానని వాడికెలా తెల్సు?”

“ఈ కాలం కుర్రోళ్లు అందరూ అంతే కదరా.”

ఆ రోజు నుంచి ఫోను అలమరలో పడుకుంది. చేప బొమ్మవాడికి సందు ఇవ్వకూడదు మరి!

మామ్మ రాసి పంపగానే నవ్వులూ లవ్వు గుర్తులూ కుప్పలుగా వచ్చిపడేవి. లలిత్ ఛాతీ ఉబ్బిపోయేది. హైమ కూడా ఓ రోజు, “నీ పోస్టులు మస్తుంటున్నయ్ లలిత్. మా అమ్మకు గూడ పంపిస్తున్న,” అంది. ఆ మాటకు అతను ఆ పూట రెండు స్టాపుల దాకా బస్సెక్కకుండా, ఈల వేసుకుంటూ నడిచాడు.

అంతలో చేప బొమ్మవాడు అసలు దెబ్బ కొట్టాడు.

“‘నెల్లాళ్లు అన్నం కాడ ఫోను ముట్టకుండా తిను సూద్దాం. ముట్టినావో, కబుర్లు ఒగ్గీసి ఎలిపో’ అంతన్నాడు.” తవిటమ్మ కళ్లజోడు పైనుంచి చూసింది. “వద్దులేరా, నీ వల్ల కాదు.”

“నా వల్ల కాదా? సై అని రాయి!”

ఫోరం పోతే హైమ దగ్గర కబుర్లూ పోతాయి. లలిత్ పట్టు పట్టాడు. మొదట్లో ఎడమ చెయ్యి ఊరికే జేబులోకి పోయేది. చూడడానికి ఇంకేమీ లేక మామ్మను చూశాడు. ఆమె మాట్లాడింది. తాత సిగ్నలు దగ్గర నిద్రపోయి రైలు ఆపిన సంగతి, హౌరా బ్రిడ్జి మొదటిసారి చూసి భయంతో కళ్లు మూసుకున్న సంగతి. లలిత్‌కు నవ్వి నవ్వి పొలమారింది. రెండోసారి అన్నం పెట్టించుకున్నాడు. మామ్మ పక్కన కూర్చుని తినడం ఇంత బాగుంటుందని అతను ఎప్పుడో మర్చిపోయాడు.

నెల గడిచింది.

“‘ఓడిపోనాను’ అని రాసీసినాడ్రా!” అంది తవిటమ్మ. లలిత్ ఆమెను పట్టుకుని గిర్రున తిప్పాడు.

మర్నాడే హైమ కబురు చెప్పింది. ఆదివారం ఫోరం వాళ్లందరూ న్యూ టౌన్‌లో టీ దుకాణం దగ్గర కలుస్తారట. ఆ మాట వినగానే తవిటమ్మ మొహం మాడిపోయింది.

“ఎందుకురా? గెలిసీసినావు కదా. ఇంట్లో కూకో, ఇలిస ముక్కలు ఏపుతాను.”

“ఆ చేప మొహం చూడకుండా ఎలా మామ్మా!”

చెప్పులేసుకుని వెళ్లిపోయాడు.

టీ దుకాణం దగ్గర హైమ చెయ్యి ఊపింది. పక్కన ఓ బట్టతల పెద్దాయన, చేతిలో గుడ్డసంచితో నిలబడి ఉన్నాడు. “లలిత్, ఈయన పట్టాభిగారు. నీ పోస్టుల కింద చేప బొమ్మ ఉంటది చూడు, గాయననే!”

లలిత్ కాలరెత్తాడు. హైమకు బాగా వినపడేలా అడిగాడు. “ఏం దాదా, పందెం ఎవరు గెలిచారు? అన్నం దగ్గర ఫోను ముట్టానా?”

పట్టాభి తెల్లమొహం వేశాడు. ఆనక లలిత్ రెండు చేతులూ పట్టుకున్నాడు.

“పందెమేటి బాబూ, మా మిక్సీ కాలిపోనాదని నేను రాసిన కాణ్నుంచి, రోట్లో పచ్చళ్లు ఎలగ నూరాలో దినానికొకటి రాస్తన్నందుకు మీకు దండమెట్టీసి పోదామని బడ్జ్ బడ్జ్ నుంచి వొచ్చినాను!”