రేవులో పడిన తలగుడ్డ

"అమ్మా, నా కవచం బిగించు! వచ్చేశారు!"

నగోయ్ గుమ్మంలోంచే కేక పెట్టాడు.

లోపల తల్లి గోషమాఫ అతిథికి వరిగ సంకటి, ఉప్పుజున్ను వడ్డిస్తోంది. ఆ అతిథి తెల్లవారుతూనే నది దాటి వచ్చింది. మూడు రోజులు గడిచేదాకా అతిథిని పేరడగడం ఆ లోయలో మర్యాద కాదు. అందుకే ఎవరూ అడగలేదు.

"నిన్న వాళ్ల ముందు దండును తరిమేశాం. ఇవాళ వాళ్ల ప్రభువే దిగాడు పెద్దమ్మా!" అతిథివైపు తిరిగిన నగోయ్ కళ్లు మెరుస్తున్నాయి. "లోయలన్నీ ఒక్కటి చేస్తాడట. తోలుకుపోవడానికి మనమేమన్నా గొర్రెలమా?"

"ముందు నిలబడరా సరిగ్గా," అంది గోషమాఫ. తోలుపట్టీ ముడి పడటం లేదు, మళ్లీ లాగి బిగించింది.

"నీకు వీడొక్కడేనా?" అతిథి అడిగింది.

"ఒక్కడే అక్కా."

అతిథి పెట్టినదంతా తిని, చేయి కడుక్కుని, నగోయ్ వెనకే బయటికి నడిచింది.

రేవు అవతల ఒడ్డంతా గుర్రాలే.

"నిన్నటి నెత్తురుకు నెత్తురు!" వాళ్లు అరుస్తున్నారు.

"రండిరా, నీళ్లు చల్లగా ఉన్నాయి!" ఇవతలినుంచి నగోయ్ వెక్కిరించాడు.

గుర్రాలు నీళ్లలోకి దూకాయి. విల్లులు వంగాయి.

అప్పుడే అతిథి మోకాటిలోతు నీళ్లలో నడిచి, నడుమనున్న ఇసుకదిబ్బ ఎక్కింది. తలగుడ్డ లాగి రెండు దండుల మధ్య విసిరింది. నెరిసిన జుట్టు గాలికి చెదిరింది.

ఆడది విసిరిన తలగుడ్డను దాటి పోరాడకూడదని ఆ లోయలన్నిటా కట్టుబాటు. గుర్రాలు ఆగిపోయాయి.

"ఆవిడ మన ఊరి మనిషి కాదు! ఆ గుడ్డ చెల్లదు!" నగోయ్ అరిచాడు.

"ఆడదాని తలగుడ్డకు ఊరేమిట్రా! దించు విల్లు!" ఊరిపెద్ద కసిరాడు.

అవతల ప్రభువు నీళ్లలోనే గుర్రం దిగాడు. ఆమె ముందు తల వంచాడు.

మధ్యాహ్నానికి ఇసుకదిబ్బ మీద రెండువైపుల పెద్దలూ ప్రమాణం చేశారు. ఆ రోజు ఒక్క కత్తి దూయకుండానే ఆ లోయ కూడా ప్రభువు ఏలుబడిలో కలిసింది. ఇవతలివాళ్లూ అవతలివాళ్లూ ఒకే గిన్నెలో తాగి చిందులేశారు.

"మన అతిథి వల్లేనమ్మా!" నగోయ్ తల్లిని ఎత్తి గిరగిరా తిప్పాడు.

"దించరా వెధవా! ఆవిడేదీ? గొర్రెను కోయించాను."

గోషమాఫ పరుగున రేవుకు వచ్చింది. అవతలి దండులోని ఒక ముసలి రౌతు గుర్రానికి నీళ్లు పడుతున్నాడు.

"అన్నా, మా అతిథి కనిపించిందా? మర్యాద కాకపోతే పోనీ, ఇవాళ పేరడిగి తీరతాను."

"వెళ్లిపోయిందమ్మా."

"అప్పుడేనా! వచ్చిన పనేమిటో కూడా చెప్పలేదే?"

రౌతు తల దించుకున్నాడు.

"నిన్న మీ ఒడ్డున నేలకొరిగిన కొడుకును తీసుకుపోదామని వచ్చింది తల్లీ."