పిడి మీద గీత

"నేను చేసిన పిడి నమూనా కంపెనీవాళ్లకి నచ్చిందట," అంటూ ఫోను పెట్టేసి మా ఆయన బల్ల మీదే తల వాల్చేశారు. "ప్రతి ఎయిర్ పిస్టల్ పిడి మీదా సినిమాలో హీరో తుపాకీకున్న గీత ఉండాలట. ఆకురాయితో గీసి గీసి ఇప్పటికే నా చేతులు పడిపోతున్నాయి."

పనికి అడ్డమని ఆయన తీసిన రాయి పొదిగిన పెళ్లి ఉంగరం ఇంకా ఆకురాయి పక్కనే ఉంది. మళ్లీ ఎప్పుడు పెట్టుకుంటారోనని రోజూ చూస్తున్నాను.

"ఆ గీత ఫైట్లో పడిందట కదా, మామయ్యా?" అని పక్కనే కూర్చున్న మామయ్యని అడిగాను.

ఒకప్పుడు ఆ హీరోకి డూపుగా చేసిన మామయ్య నీరసంగా నవ్వారు.

"ఫైటూ లేదు, పాడూ లేదు. తెర మీద ఆ చెయ్యి నాదేనమ్మా. కొత్తగా పెళ్లయింది, మీ అత్తయ్య తొడిగిన ఉంగరం తియ్యనన్నాను. కనపడకుండా రాయి లోపలికి తిప్పుకున్నాను. తుపాకీ పట్టుకుంటే అది పిడికి గీసుకుంది."

మా ఆయన తలెత్తారు. ఉంగరం తొడుక్కుని, రాయి లోపలికి తిప్పారు.

"ఆ ఆకురాయి తీసెయ్," అన్నారు నాతో. "రేపటి నుంచి గీతలన్నీ దీంతోనే."