పేరు మారిన గుంత

సుడలై చొక్కా విప్పి పక్కన పెట్టి, నడుముకు మోకు బిగించుకుంటున్నాడు. తమిళ్‌సెల్వి పరుగున వచ్చి మొగుడి చెయ్యి పట్టుకుంది.

"దిగొద్దు. పోయిన నెల మా చిన్నాయన కొడుకు ఇట్లనే దిగినాడు. పైకి మనిషి రాలే, శవమే వచ్చె."

"దిగకుంటే పని పోతుందే," అన్నాడు సుడలై, ఆమె మొహం చూడకుండా.

కోయంబత్తూరులోని ఆ అపార్ట్‌మెంట్లకు ఆ ఆదివారం పండగ. పదకొండు గంటలకు కొత్త బోర్డుల ఆవిష్కరణ. సరిగ్గా ఆ పొద్దే మురుగు గుంత పొంగి షామియానా దాకా వచ్చింది. తోడే లారీ మంగళవారం గానీ రాదట. గుంతలోకి మనిషిని దించకూడదని చట్టం ఉన్న సంగతి అక్కడ అందరికీ తెలుసు. తెలిసి ఏం లాభం? కంపు పదకొండు లోపల పోవాలి.

ఆ బోర్డులు సెక్రటరీ శ్రీరంజని మూడు నెలల కష్టం. ఆవిడ రిటైరైన ఇంగ్లీషు ప్రొఫెసరు. ఇంట్లో తెలుగే. తమిళ్‌సెల్వి ఇంట్లోనూ తెలుగే గానీ, ఆ రెండు తెలుగులూ ఏనాడూ ఒకే చాప మీద కూర్చోలేదు. ఆడా మగా తేడా చూపించే ఇంగ్లీషు మాట ఒక్కటి కూడా ఈ గేటు లోపల వినపడకూడదని శ్రీరంజని పంతం. చైర్మన్ గోపాలసామి చైర్‌పర్సన్ అయ్యాడు. వాచ్‌మన్ గురుసామి సెక్యూరిటీ పర్సన్ అయ్యాడు, కూర్చునేది మాత్రం ఆ విరిగిన కుర్చీలోనే. మ్యాన్‌హోల్ అన్న మాట మీద కమిటీ గంటన్నర కొట్టుకుని, చివరికి మెయింటెనెన్స్ హోల్ అని తేల్చింది. దిగే పనివాడు 'హిజ్' మాస్కు పెట్టుకోవాలని పాత బోర్డులో ఉంటే, 'హిజ్' కొట్టేసి 'దెయిర్' అని రాయించారు. మాస్కు ఎక్కడుందని మాత్రం ఎవరూ అడగలేదు.

హౌస్‌కీపింగ్ సూపర్‌వైజరు కాబట్టి తమిళ్‌సెల్వికీ ఆ పాఠాలు తప్పలేదు. చదివింది తమిళంలో పదో తరగతి, అయినా బుద్ధిగా బట్టీ పట్టింది. పొద్దున్నే గోపాలసామి దగ్గర కాళ్లావేళ్లా పడింది, లారీ వచ్చేదాకా ఆగమని. ఆయన సెక్రటరీ మేడంని అడగమని చెప్పి, సెల్‌ఫోను చూసుకుంటూ లిఫ్టు ఎక్కేశాడు. ఇక మిగిలింది ఆ బట్టీ పట్టిన పాఠమే. అదే మొగుణ్ణి కాపాడాలి.

శ్రీరంజని పట్టుచీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని, ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని వస్తుంటే తమిళ్‌సెల్వి ఎదురెళ్లింది.

"అమ్మా, ఒక మాట అడగాల."

"ఇప్పుడా? గెస్టులు వచ్చే టైము."

"ఇప్పుడేంగమ్మా. ఈ గుంత మొగోళ్ల గుంత కాదని మీరే కదా నేర్పిస్తిరి. ఆ పేరే తప్పని తీసేస్తిరి. మళ్ల మొగోడని మా ఆయన్నే దించితే, మీరు రాయించిన బోర్డుకు మర్యాద ఏడుంటాదింగ?"

శ్రీరంజని నిలబడిపోయింది. మూడు నెలలు గొంతు చించుకున్నా కమిటీలో ఒక్కడి బుర్రకూ ఎక్కని సంగతి, చీపురు పట్టుకున్న మనిషి నోట ఇంత చక్కగా వచ్చింది. ఆవిడకు నిజంగానే కళ్లు చెమర్చాయి. రుమాలు ముక్కు మీంచి తీసి కళ్లు అద్దుకుంది.

"భేష్, తమిళ్‌సెల్వీ. పాఠం అర్థమైంది నీకొక్కదానికే. ఇట్లాంటి పనికి మగవాణ్ణే పిలవడం మన బుద్ధికి పట్టిన జబ్బు. నేను రాయించిన మాట నేనే తప్పితే ఎట్లా?"

తమిళ్‌సెల్వికి పోయిన ప్రాణం తిరిగొచ్చింది. ఆవిడ కాళ్లకు దణ్ణం పెట్టబోతే, అవన్నీ వద్దని శ్రీరంజని భుజం తట్టింది. విప్పెయ్యమని తమిళ్‌సెల్వి మొగుడికి సైగ చేసింది. సుడలై మోకు విప్పి, చొక్కా అందుకున్నాడు.

శ్రీరంజని గడియారం చూసుకుంది. పదిన్నర.

"గురుసామీ, ఆ మోకు తమిళ్‌సెల్వి నడుముకు కట్టప్పా."